ఎత్తుపళ్లకు క్లిప్పులు: మేం డాక్టర్ని ఎలా ఎంచుకున్నామంటే

మాది కావలి. 13 ఏళ్ల మా అమ్మాయికి పైపళ్లు ముందుకొచ్చి పెదాలు సరిగా మూసుకునేవి కావు. ఫొటో అంటే చాలు, చెయ్యి అడ్డం పెట్టుకునేది.

వేలితో నొక్కమన్నారు, పెద్దయితే సర్దుకుంటాయన్నారు, ఒకచోట చూడగానే నాలుగు పళ్లు పీకాలన్నారు, ఏదీ తేలలేదు.

చివరికి నెల్లూరు వెళ్లి, ముందుగా డాక్టరు గారి చదువే అడిగాను. బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ల వరస సరిచేసే వైద్యం) ఎండీఎస్ చేసినవాళ్లే దీనికి స్పెషలిస్టులు. ఆయన వెంటనే రేటు చెప్పలేదు. పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ, తలకు పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్ ఎక్స్‌రేలు తీయించి, పళ్ల అచ్చు తీసుకున్నారు. వారం తర్వాత ఆ తెల్లటి అచ్చును పాప చేతిలో పెట్టి, పైపళ్లు కింది పళ్లకంటే ఎంత ముందున్నాయో చిన్న స్కేలుతో కొలిచారు. 8 మిల్లీమీటర్లు! మామూలుగా 2, 3 ఉంటుందట.

"పళ్లు వెనక్కి జరగడానికి జాగా ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అని అడిగాను. కోరపళ్ల వెనకున్న రెండు చిన్న దవడపళ్లు తీస్తే వచ్చే జాగాను అచ్చు మీదే చూపించారు. అవే ఎక్స్‌రేలు ఇంకో స్పెషలిస్టుకీ చూపించాను. ఆమె కూడా అదే మాట చెప్పాక నా టెన్షన్ తగ్గింది.

అలైనర్లయితే (తీసి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు) రోజుకు 20 గంటలకు పైగా పెట్టుకోవాలి, స్కూలుకెళ్లే పిల్లతో కుదరదని మెటల్ క్లిప్పులే వేయించాం. 22 నెలలు పట్టింది.

మాకు పళ్లు తీశారని అందరికీ తీయాలని కాదు. దవడ ఎముకలోనే తేడా ఉంటే వైద్యం వేరు. క్లిప్పులు తీశాక పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్ మాత్రం మానకండి, పళ్లు మళ్లీ జరుగుతాయి. మా పాప రోజూ రాత్రి పెట్టుకునే పడుకుంటుంది.