ఆఫీసు లాన్ నెట్‌వర్క్: పోర్టు లైటు నుంచి లూపు దాకా సమస్య - పరిష్కారం

నెట్ రావట్లేదు అనగానే చాలామంది ముందు రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు, తర్వాత విండోస్ ఫార్మాట్ కొట్టిస్తారు. వైరు మీద నడిచే ఆఫీసు నెట్‌వర్క్‌లో (లాన్) తప్పు ఎక్కువగా వైరులోనో, దాని కొసనున్న జాక్‌లోనో ఉంటుంది. అందుకే కింది నుంచి పైకి రండి: ముందు పోర్టు (కేబుల్ దూర్చే చోటు) లైటు, తర్వాత ఐపీ (నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ నంబరు), ఆ తర్వాతే ఇంటర్నెట్. నెల్లూరు ట్రంకు రోడ్డు షాపులో నాలుగు సిస్టమ్‌లున్నా, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో నలభై ఉన్నా వరస ఇదే.

పోర్టు లైటు వెలగట్లేదు

కేబుల్‌ను స్విచ్‌లో (ఆఫీసు లాన్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె) బాగా పనిచేస్తున్న పక్క పోర్టులోకి మార్చండి. వెలిగితే పాత పోర్టు పోయినట్టు. వెలక్కపోతే మంచిదని తెలిసిన చిన్న కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను నేరుగా స్విచ్‌కు కలపండి. అప్పుడు వెలిగితే తప్పు గోడలో పోయిన లైనుది, లేదా ఆ సిస్టమ్ లాన్ కార్డుది. లైను తేల్చడానికి కేబుల్ టెస్టర్ ఒక ముక్క ఇటు, ఒక ముక్క అటు పెట్టండి. 1 నుంచి 8 వరకు రెండువైపులా ఒకే వరసలో వెలగాలి. ఏదైనా నంబరు వెలక్కపోతే ఆ తీగ తెగింది, లేదా జాక్ పిన్ను దానికి తగల్లేదు. నంబర్లు తారుమారైతే కలర్లు తప్పాయి.

జాక్ కొత్తగా కొట్టేటప్పుడు క్లిప్ కిందికి, జాక్ ముఖం అవతలికి ఉండేలా పట్టుకుంటే ఎడమవైపుది 1వ పిన్ను. వరస: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. రెండు కొసలా ఇదే. తీగ జతల మెలికలు 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దు. తీగల కొసలు ఒక్క కోతతో సమంగా కోసి, జాక్ ముఖానికి ఎనిమిది రాగి చుక్కలూ ఆనడం కంటితో చూశాకే క్రింప్ చేయండి (టూల్‌తో నొక్కి బిగించండి). పై తొడుగు కూడా జాక్ లోపలికి పోవాలి. తొడుగు బయటే ఉండిపోతే లాగుడంతా తీగల మీద పడి నాలుగు నెలల్లో మళ్లీ అదే ఫిర్యాదు.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరప్రాంతాల్లో, ముఖ్యంగా రొయ్యల హేచరీల్లో, జాక్ పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఉప్పు గాలి చేసే పని అది. తుడిచి మళ్లీ పెట్టడం దండగ. కోసేసి కొత్త జాక్ కొట్టండి. కేబుల్ వాటర్‌ప్రూఫ్ బాక్సులోకి కింది నుంచే రావాలి, బాక్సు బయట కాస్త కిందికి వంపు వదలాలి. పై నుంచి దూరిస్తే వాన నీరు కేబుల్ వెంట నేరుగా జాక్‌లోకి దిగుతుంది.

లైటు ఉంది, స్పీడు 100 దగ్గరే ఆగింది

విండోస్ ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. 100 ఎంబీపీఎస్‌కు 1, 2, 3, 6 తీగలు చాలు. గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) ఎనిమిదీ కావాలి. 4, 5, 7, 8లో ఒకటి తెగినా నెట్ నడుస్తూనే ఉంటుంది గానీ స్పీడు పడిపోతుంది. చాలావరకు జాక్ మారిస్తే సరిపోతుంది. స్విచ్ 100 మించి ఇవ్వని 10/100 రకమైతే అసలు తప్పే లేదు.

దగ్గర బాగుంది, దూరంలో తెగిపోతోంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. దీనికి నాలుగు కారణాలు.

ఒకటి, దూరం. ప్యాచ్ కార్డులతో (కొసల్లో కలిపే చిన్న కేబుళ్లు) కలిపి 100 మీటర్లు దాటకూడదు. ఆఫీసు నుంచి గేటు దగ్గర వే బ్రిడ్జికి లాగిన కేబుల్‌లో ఇదే ఎక్కువ. కేబుల్ తొడుగు మీద మీటర్లోనో అడుగుల్లోనో అంకెలు అచ్చేసి ఉంటాయి. ఒక కొస అంకెలోంచి ఇంకో కొస అంకె తీసేస్తే పొడవు తెలిసిపోతుంది, టేపు అక్కర్లేదు. దాటితే మధ్యలో స్విచ్ పెట్టండి, లేదా ఫైబర్ వేయండి.

రెండు, జతలు విడిపోవడం. రెండువైపులా ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత అని వరసగా పెట్టేస్తే టెస్టర్‌లో 1 నుంచి 8 చక్కగా వెలుగుతాయి. కానీ 3, 6 పిన్నులు ఒకే జతవై ఉండాలి. ఇక్కడ వేర్వేరు జతల్లోకి పోయాయి. రెండు మీటర్ల ముక్కలో ఏమీ తెలియదు, ముప్పై మీటర్లలో సిగ్నళ్లు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. మామూలు టెస్టర్ దీన్ని పట్టలేదు. జాక్‌ను కంటితోనే చూడాలి.

మూడు, రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్. తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అదే. దానికి నిరోధం రాగి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు. పీఓఈ కెమెరా (లాన్ కేబుల్ మీదే కరెంటు తీసుకునేది) పగలంతా బాగుండి, చీకటి పడి దాని ఐఆర్ లైట్లు (రాత్రి చూపు కోసం ఉండేవి) వెలగగానే రీస్టార్ట్ అవుతుంటే ముందు ఈ కేబుల్‌నే అనుమానించండి. కరెంటు ఎక్కువ లాగగానే దారిలో వోల్టేజి పడిపోతోంది. దీనికి మరమ్మతు లేదు, అసలు రాగి క్యాట్ 6 లాగాల్సిందే. బిల్లులో తగ్గిన డబ్బు రెండోసారి కూలికే సరిపోదు.

నాలుగు, మోటార్ల పక్కన పోయిన లైను. రైస్ మిల్లు మోటార్, గ్రానైట్ కటింగ్ మిషన్ వేసినప్పుడే పింగ్ (లింకు ఉందో లేదో చూసే పరీక్ష) తెగితే లాన్ కేబుల్‌ను పవర్ కేబుల్‌కు అడుగు దూరం జరపండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పరుగెత్తనివ్వొద్దు.

ఐపీ 169.254తో మొదలవుతోంది

లైటు ఉన్నా రౌటర్ నుంచి ఐపీ అందలేదు, సిస్టమ్ తనకు తానే వేసుకుంది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సదుపాయం) ఆన్‌లో ఉందో లేదో, రౌటర్‌కూ స్విచ్‌కూ మధ్య కేబుల్ సరిగ్గా ఉందో లేదో చూడండి.

కొన్ని సిస్టమ్‌లకే ట్యాలీ సర్వర్ కనబడుతోంది

కనబడని సిస్టమ్‌లో ఐపీ చూడండి. మిగతావి 192.168.1 వరసలో ఉండి ఇది 192.168.0లో ఉంటే ఎవరో వైఫై కోసం ఇంకో రౌటర్ తెచ్చి లాన్ పోర్టులో పెట్టారు, అదీ ఐపీలు పంచుతోంది. దాని డీహెచ్‌సీపీ ఆపి, దానికి 192.168.1.2 లాంటి ఖాళీ ఐపీ ఇచ్చి లాన్ పోర్టులోనే ఉంచండి. ప్రింటర్ అప్పుడప్పుడు మాయమైతే దాని ఐపీనే ఇంకో ఫోనుకో ల్యాప్‌టాప్‌కో వెళ్లిందేమో చూడండి. రౌటర్ ఐపీ చివరి నంబరు 100 నుంచి 200 వరకే పంచేలా పెట్టి, సర్వర్‌కూ ప్రింటర్లకూ 100లోపు ఖాళీ నంబర్లు మీరే ఇవ్వండి.

ఒక్కసారిగా ఆఫీసంతా ఆగిపోయింది

స్విచ్ లైట్లన్నీ కలిసి ఆగకుండా కొట్టుకుంటుంటే లూపు. ఖాళీగా వేలాడే ప్యాచ్ కార్డు రెండో కొసను ఎవరో అదే స్విచ్‌లోకి దూర్చి ఉంటారు. మామూలు స్విచ్‌లో దీనికి అడ్డుకట్ట లేదు. కేబుళ్లు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏది తీయగానే లైట్లు నెమ్మదిస్తాయో దాని రెండో కొస ఎక్కడుందో వెతకండి.

పిడుగులు పడ్డాక పోర్టులు పోతున్నాయి

అక్టోబరు, నవంబరు వానల్లో మన జిల్లాల్లో ఇది మామూలే. రెండు బిల్డింగుల మధ్య బయట లాగిన రాగి కేబుల్ పిడుగు తాకిడిని రెండు స్విచ్‌లకూ చేరవేస్తుంది. ఆ ఒక్క లైనుకు లోహపు తొడుగు లేని ఫైబర్, రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (రాగి సిగ్నల్‌ను ఫైబర్‌కు మార్చే పెట్టెలు) పెట్టండి. ఒకే కోరు (ఫైబర్ పోగు) మీద నడిచే రకమైతే ఒకవైపు ‘A’ పెట్టె, ఇంకోవైపు ‘B’ పెట్టె ఉండాలి. రెండూ ‘A’ అయితే లింకు రాదు. రెండు కోర్ల రకంలో లింకు లైటు రాకపోతే కోర్లను ఒకవైపు మాత్రమే అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూడండి.