ఎస్వీ రంగారావు నటనను చూసి నేర్చుకోవడం ఎలా?

నాటకాల్లో వేషం వేయాలని నా దగ్గరకు వచ్చే పిల్లలను ఎస్వీ రంగారావు గారిలా ఒక్క మాట అనమంటే చాలు, అందరూ గొంతు పెంచేస్తారు. కళ్లు పెద్దవి చేసి 'డింభకా!' అని గర్జిస్తారు. ఆ గర్జన ఆయనలో అందరికీ కనిపించే పైభాగం. మీరు నిజంగా నేర్చుకోదలిస్తే ముందు ఆయన మౌనంగా ఉన్నప్పుడు చూడండి. ఎలా నిలబడ్డారు, ఎలా కూర్చున్నారు, ఎదుటివారు మాట్లాడుతుంటే ఏం చేస్తున్నారు అన్నవి పట్టుబడ్డాక గొంతు సంగతి చూసుకోవచ్చు.

సినిమా పెట్టే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ఆయన 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. 1951 మార్చిలో 'పాతాళ భైరవి' విడుదలయ్యే నాటికి ఆ నేపాళ మాంత్రికుడికి నిండా ముప్పై మూడేళ్లు లేవు. 'మిస్సమ్మ'లో సావిత్రికీ జమునకూ తండ్రిగా కనిపించేసరికి ముప్పై ఆరు. 'గుండమ్మ కథ'లో ఎన్టీ రామారావుకు తండ్రి అయ్యారు, ఇద్దరి మధ్య తేడా ఐదేళ్లు. ఈ అంకెలు మనసులో పెట్టుకుని చూస్తే వయసు ఎక్కడి నుంచి వస్తోందో మీరే వెతుకుతారు. నెరిసిన జుట్టు కొంత పని చేస్తుంది. మిగతాదంతా ఆ తీరికలో ఉంది. ఆయన తండ్రి పాత్రలు ఏ జవాబూ తొందరపడి చెప్పవు.

తర్వాత 1955లో వచ్చిన రెండు సినిమాలు తీసుకోండి, 'మిస్సమ్మ', 'బంగారు పాప'. ఒకదాని వెంట ఒకటి, ధ్వని పూర్తిగా తీసేసి చూడండి. మొదటిదాంట్లో తప్పిపోయిన కూతురి పేరున బడి నడిపే జమీందారు. రెండోదాంట్లో, దొరికిన పసిపాపను పెంచుతూ మారిపోయే మొరటు కోటయ్య. మాట వినిపించకపోయినా ఇద్దరూ ఒక్కరేనని నమ్మబుద్ధి కాదు. చేతులు గమనించండి. ఎవరి చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి, ఎప్పుడు బిగుసుకున్నాయి అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నా విద్యార్థులకు వెయ్యి మాటల్లో చెప్పలేనిది ఈ పని నేర్పుతుంది.

ఇక 'మాయాబజార్'కు ఎక్కువ సమయం ఇవ్వండి. 'వివాహ భోజనంబు' పాట అందరికీ కంఠస్థమే. ఆ గొంతు మాధవపెద్ది సత్యానిదని తెలిసి కూడా నమ్మలేకపోవడానికి కారణం పెదవుల కదలిక ఒక్కటే కాదు. పాట సాగుతున్నంతసేపూ ఆ ఆకలి, ఆ సంబరం ఒళ్లంతా కనిపిస్తాయి. అయితే నటన నేర్చుకునేవారు ఆగవలసిన చోటు అంతకుముందే ఉంది. తన ఆశ్రమ ప్రాంతంలోకి ఎవరో వచ్చారని ఘటోత్కచుడు అభిమన్యుడితో తలపడతాడు. సుభద్ర విల్లు అందుకుంటుంది. వాళ్లెవరో తెలిసిన క్షణంలో ఆ మహాకాయుడు పసివాడైపోతాడు. కిరీటం అదే, గద అదే, మనిషి మాత్రం ఒదిగిపోయాడు. ఆ మార్పు మొదట మెడలో మొదలైందా, భుజాల్లోనా, కళ్లలోనా? ఆపి ఆపి చూసి, మీకు మీరే తేల్చుకోండి. నాకైతే భుజాల్లో కనిపిస్తుంది.

అదే సినిమాలో మరో పాఠం సావిత్రి చెబుతుంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక తెర మీద ఉన్నది ఆవిడే, కానీ నడకా, తల ఎగరేయడమూ ఎస్వీఆర్‌వి. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు రేలంగి కాలు తొక్కే చోట ఆ సుకుమారమైన శరీరంలో ఎంత బరువుందో చూడండి! ఒక మహానటి మరో మహానటుణ్ణి శ్రద్ధగా చదువుకుని రాసిన సారాంశం అది. ఆవిడ ఏం తీసుకుందో, ఏం వదిలేసిందో గుర్తిస్తే అనుకరణకూ మిమిక్రీకీ తేడా తెలుస్తుంది.

దుర్మార్గుల పాత్రల్లో 'నర్తనశాల' కీచకుడు ఒక్కణ్ణి క్షుణ్ణంగా చూస్తే చాలు. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి తెచ్చిన వేషం ఇది. కీచకుడు తాను తప్పు చేస్తున్నానని ఎక్కడా అనుకోడు, ఆ నమ్మకమే మనల్ని భయపెడుతుంది. 'భక్త ప్రహ్లాద' హిరణ్యకశిపుణ్ణి దీని తర్వాత చూడండి, రెండు అహంకారాల మధ్య తేడా తెలుస్తుంది.

హీరో వేషం రాలేదని దిగులుపడే పిల్లలకు ఒక మాట చెప్పాలి. రంగారావు గారు 'వరూధిని'లో ప్రవరుడిగా, అంటే కథానాయకుడిగానే మొదలుపెట్టారు. ఆ సినిమా ఆడలేదు. అంతకుముందు అగ్నిమాపక శాఖలో పనిచేసిన మనిషి, ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లో ఉద్యోగానికి వెళ్లారు. తిరిగొచ్చాక 'షావుకారు'లో సున్నం రంగడు అనే రౌడీ వేషం వేశారు. మరుసటి ఏడాదే మాంత్రికుడయ్యారు. చిన్న వేషమని చులకన చేయకుండా వేసినందువల్లే పెద్ద వేషం వచ్చిందని నా గట్టి నమ్మకం.

చూసింది ఒంటికి పట్టాలంటే సాధన కావాలి. 'భోజనం వడ్డించండి' అనే మామూలు మాట తీసుకోండి. దాన్ని ముగ్గురిగా అనాలి. మొదట, బలి ఇవ్వబోయే తోటరాముణ్ణి బుజ్జగిస్తున్న మాంత్రికుడిగా. తర్వాత, ఇంటికొచ్చిన అతిథులను చూసి మురిసిపోతున్న 'మిస్సమ్మ' జమీందారుగా. చివరగా, 'పెళ్లి చేసి చూడు' ధూపాటి వియ్యన్నగా. గొంతు మార్చకండి, యాస మార్చకండి. నిలుచోవడం, చూడటం, మాటకు ముందు ఆగడం మాత్రమే మార్చండి. ఎదురుగా ఒక మిత్రుణ్ణి కూర్చోబెట్టండి. మీరు నోరు తెరవకముందే వచ్చింది ఎవరో అతను చెప్పగలగాలి. చెప్పలేకపోతే 'మిస్సమ్మ' మళ్లీ పెట్టి, ధ్వని తీసేసి కూర్చోండి.