రిఫార్మర్ మీద కాళ్ల వ్యాయామాలు: తేడా ఎక్కడ వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి

రిఫార్మర్ అంటే పిలాటీస్ వ్యాయామాలకు వాడే యంత్రం. అందులో స్ప్రింగులకు తగిలించి ముందుకూ వెనక్కూ జారే పలకే క్యారేజ్. దాని మీద వెల్లకిలా పడుకుని ఫుట్‌బార్‌ని (పాదాలు ఆనించే కడ్డీని) కాళ్లతో తోయడం చూసేవాళ్లకు తేలికగానే కనిపిస్తుంది. కానీ కొన్ని నెలలు చేశాక కూడా మెట్లు దిగుతుంటే మోకాళ్లు వణుకుతున్నాయని, ఒంటికాలి మీద నిలబడలేకపోతున్నామని బాధపడేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఎంచుకున్న వ్యాయామంలో తప్పేమీ లేదు. తోసేటప్పుడు పెట్టే శ్రద్ధ వెనక్కి వచ్చేటప్పుడు పెట్టరు, చాలామందికి చిక్కు అక్కడే వస్తుంది.

సమస్య: క్యారేజ్ వెనక్కి వచ్చి ‘ఠక్’మని కొట్టుకుంటోంది

కారణం: స్ప్రింగులు లాక్కుంటుంటే మీరు కాళ్లు వదిలేస్తున్నారు. స్ప్రింగ్ ఇనుప బరువులాంటిది కాదు, సాగిన కొద్దీ ఇంకా గట్టిగా లాగుతుంది. మీరు తోసేటప్పుడు తొడ ముందు కండరాలు, పిరుదులు బిగుసుకుంటూ పనిచేస్తాయి. వెనక్కి వచ్చేటప్పుడు అవే కండరాలు సాగుతూ బ్రేక్ వేస్తాయి. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలో మెల్లగా కూర్చునేటప్పుడు ఒంటిని ఆపేది కూడా ఆ బ్రేకే. క్యారేజ్ కొట్టుకుందంటే అసలైన సగం వ్యాయామం చేజారినట్టే.

పరిష్కారం: 2 లెక్కపెట్టేలోపు తోయండి, 4 లెక్కపెడుతూ రండి. చివరి రెండు అంగుళాల్లో ఇంకా నెమ్మదించండి. క్యారేజ్ స్టాపర్‌ని (దాన్ని ఆపే అడ్డుని) తాకిందో లేదో మీకే తెలియనంత మెత్తగా ఆగాలి. ఇక్కడ అద్దం కన్నా చెవే మంచి గురువు. చప్పుడు లేకుండా 10 సార్లు చేయలేకపోతే ఒక స్ప్రింగ్ తీసేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటీస్ దానికి పెట్టుకున్న పేరే ‘కంట్రాలజీ’. అదుపుకు ఆయన ఎంత విలువ ఇచ్చారో ఆ పేరులోనే ఉంది.

సమస్య: తోసేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి, తర్వాత నొప్పి

కారణం: పిరుదు పక్కనుండే గ్లూటియస్ మీడియస్ అనే కండరం సరిగ్గా పనిచేయకపోతే తొడ ఎముక లోపలికి తిరుగుతుంది. పాదం లోపలి అంచు కుంగినా అంతే. స్ప్రింగులు ఎక్కువైతే ఈ లోపం ఇంకా బయటపడుతుంది.

పరిష్కారం: మోకాలి చిప్ప పాదం రెండో వేలి వైపు చూస్తోందా అని గమనించుకోండి. మునివేళ్ల మీద చేసేటప్పుడు బరువంతా చిటికెనవేలి వైపు జారిపోకుండా బొటనవేలి మొదలు కూడా బార్‌ని నొక్కాలి. తొడల చుట్టూ సాగే బ్యాండ్ వేసుకుని, దాన్ని కొద్దిగా బయటికి నెడుతూ చేస్తే పిరుదు పక్క కండరం మేలుకుంటుంది. అది కుదిరాక స్ప్రింగులు తగ్గించి ఒక్కో కాలితో చేయండి. రెండు కాళ్ల మధ్య బలంలో ఉన్న తేడా అప్పుడే బయటపడుతుంది.

మోకాలు మరీ ఎక్కువగా మడతపడి నొప్పి వస్తుంటే ఫుట్‌బార్ కిందికి దించడమో, స్టాపర్‌ని జరపడమో చేయమని మీ ట్రైనర్‌ని అడగండి. వాపు వచ్చినా, మోకాలు పట్టేసినట్టు ఆగిపోయినా వ్యాయామం ఆపి ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోండి.

సమస్య: స్ట్రాప్స్‌లో (పాదాలకు తగిలించుకునే పట్టీల్లో) కాళ్లు తిప్పుతుంటే తుంటిలో ‘టక్ టక్’మంటోంది

కారణం: చాలాసార్లు తుంటి ముందు భాగంలోని టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ఎముక మీదుగా జారడం. నొప్పి లేకపోతే మామూలుగా భయపడాల్సిన పని లేదు.

పరిష్కారం: గుండ్రం చిన్నది చేయండి, కాళ్లను మరీ కిందికి దించకండి, తొడల్ని కాస్త బయటికి తిప్పి చూడండి. కాళ్లు దించినప్పుడు నడుము విల్లులా లేస్తున్నా మందు ఇదే. పొట్ట కండరాలు ఆపగలిగినంత మేరకే దించాలి.

సమస్య: బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం) చేస్తుంటే తొడ వెనక భాగం పట్టేస్తోంది

కారణం: పిరుదులు చేయాల్సిన పని కూడా తొడ వెనక కండరాల మీదే పడుతోంది. స్ప్రింగులు తగ్గిస్తే తేలికవుతుందనుకుంటాం, కానీ ఇక్కడ జరిగేది దానికి వ్యతిరేకం. స్ప్రింగులు తక్కువైతే క్యారేజ్ బయటికి జారిపోతుంటుంది, దాన్ని లోపల పట్టి ఉంచాల్సింది ఆ కండరాలే.

పరిష్కారం: ఒక స్ప్రింగ్ కలపండి. ముందు పిరుదులు బిగించి, తర్వాత నడుము లేపండి. పట్టు తప్పకుండా చేయగలుగుతున్నప్పుడే స్ప్రింగ్ తగ్గించండి.

సమస్య: నిలబడి చేసేవాటిలో ఊగిపోతున్నారు

కారణం: స్కూటర్ (ఒక కాలు నేల మీద ఉంచి, రెండో కాలితో క్యారేజ్‌ని వెనక్కి తోయడం), సైడ్ స్ప్లిట్స్ (ఒక కాలు కదలని ప్లాట్‌ఫామ్ మీద, రెండోది క్యారేజ్ మీద పెట్టి నిలబడి కాళ్లను పక్కకు చాపడం) లాంటి వాటిలో వెన్నుకు, భుజాలకు ఆసరా ఉండదు. పాదం, చీలమండ, తుంటి మూడూ కలిసి క్షణక్షణం సర్దుకోవాలి. చూపు నేల మీద తిరుగుతున్నా, మోకాలు బిగబట్టినా ఊగుడు పెరుగుతుంది.

పరిష్కారం: ఎదురుగా ఒక చుక్క మీద చూపు నిలపండి. మోకాళ్లు రవ్వంత వంచి, నాలుగైదు అంగుళాల కదలికతో మొదలుపెట్టండి. సైడ్ స్ప్లిట్స్‌లో మరీ తక్కువ స్ప్రింగ్ పెడితే క్యారేజ్ పట్టు లేకుండా జారిపోతుంది, తొలిరోజుల్లో అది వద్దు. సైడ్ స్ప్లిట్స్‌కి ఎక్కేటప్పుడు ముందు కదలని ప్లాట్‌ఫామ్ మీద ఒక కాలు పెట్టి, తర్వాతే క్యారేజ్ మీద రెండోది పెట్టాలి. దిగేటప్పుడు క్యారేజ్ పూర్తిగా లోపలికి వచ్చి ఆగాక, దాని మీదున్న కాలిని ముందు ప్లాట్‌ఫామ్ మీదికి తెచ్చుకుని, అక్కడి నుంచి నేల మీదికి దిగండి.