వానలు ముదరకముందే మిద్దె ఎక్కి చూడండి

మొన్న రాత్రి మా వీధి చివరి ఇంట్లో శ్లాబు పెచ్చు ఊడి మంచం మీద పడింది. పిల్లలు ఆ రోజు వరండాలో పడుకున్నారు కాబట్టి సరిపోయింది. పోయిన ఏడు సరిగ్గా అక్కడే మరక కనిపిస్తే పుట్టీ పెట్టి రంగు కొట్టించారు. కడపలో అక్టోబరు, నవంబరు తుపాను వానలు ఎలా ఉంటాయో 2021లో చూశాం కదా, అందుకే ఇప్పుడే చెబుతున్నా.

మరక ఉన్నచోటే నీళ్లు దిగుతున్నాయని అనుకోకండి. చాలా ఇళ్లు పాడయ్యేది ఇక్కడే. పిట్టగోడ మూలలో సన్న బీట ఉంటుంది, అందులో దిగిన నీరు కరెంటు పైపు వెంట పోయి ఎక్కడో ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలు చుక్కలుగా రాలుతుంది. కింద పూత పూస్తే మరక పోతుంది, నీళ్లు మాత్రం లోపలే ఉండి కమ్మీలకు తుప్పు పట్టిస్తాయి, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది.

వాన పడినప్పుడే తడుస్తుంటే మిద్దెనో బయటి గోడనో అనుమానించండి. ఎండాకాలంలోనూ తడి ఆరకపోతే పైపు, లేదా పై అంతస్తు బాత్రూం. గోడ అడుగున తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే ఎక్కువగా అది నేల చెమ్మే, దానికి మిద్దె మీద ఎన్ని వేలు పోసినా లాభం లేదు.

ముందు మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి. తర్వాత మిద్దె మీద ఒక మూలకు మట్టితో చిన్న కట్ట కట్టి, రెండంగుళాల నీళ్లు నిలిపి ఒక రోజంతా చూడండి. మరక గీత దాటకపోతే ఇంకో మూల, తర్వాత వాననీటి పైపు నోరు, ట్యాంకు దిమ్మె చుట్టూ. అన్నీ ఒకేసారి తడిపితే ఏమీ తెలియదు.

మట్టి మిద్దె అయినా, పాత బండల మిద్దె అయినా నీళ్లు నిలపనే వద్దు, కూలుతుంది. ఫ్యాను, స్విచ్ బోర్డు దగ్గర చెమ్మ ఉంటే మెయిన్ ఆపండి. రాత్రి ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టేసి, మట్టం గుర్తుపెట్టండి, తెల్లారేసరికి తగ్గితే లీకు పైపులోనో ట్యాంకులోనో ఉన్నట్టు. బాత్రూం టైల్స్ పగలగొట్టించే ముందు నహానీ ట్రాప్, అంటే నేలమీది నీళ్లు పోయే రంధ్రం, మూసి నీళ్లు నిలిపి చూడండి. వానలో మిద్దె ఎక్కకండి. తడి గోడకు పుట్టీ పెట్టకండి. కర్రతో తడితే డొల్ల శబ్దం వచ్చే శ్లాబు కింద ఎవరినీ పడుకోనివ్వకండి. మళ్లీ చెబుతున్నా, మరకకు రంగు వేయకండి. మిద్దె ఎక్కకుండా కిందనుంచే చూసి రేటు చెప్పే మేస్త్రీని అటునుంచి అటే పంపించేయండి.