వైఫై మనమే వేసుకుందాం – 6వ పాఠం: ఏ పాయింట్‌లో ఏ పేరు రావాలి?

పోయిన పాఠంలో ఆరు యాక్సెస్ పాయింట్లనూ (వైఫై సిగ్నల్ పంపే పెట్టెలు) కంట్రోలర్‌లో (వాటన్నిటినీ ఒకేచోట నుంచి నడిపేది) చేర్చి, ఛానళ్లు సర్ది ఆపాం. ఇప్పుడు ఆరింటిలోనూ "స్టాఫ్" అనే ఒకే నెట్‌వర్క్ పేరు వస్తోంది. ఈసారి రెండు కొత్త పేర్లు కలుపుదాం. "గెస్ట్" కింద అంతస్తులో రిసెప్షన్, హాల్ పాయింట్లలో మాత్రమే రావాలి. "ల్యాబ్" పైన ల్యాబ్‌లో ఒక్కచోటే రావాలి. పైనున్న మిగతా మూడు, అంటే మెట్లు, లైబ్రరీ, స్టాఫ్‌రూమ్, ఇప్పటిలాగే ఉండిపోతాయి.

కంట్రోలర్‌లో మీకింకా మ్యాక్ అడ్రస్‌లే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్లు) కనపడుతుంటే ముందు ఆ పెట్టెలకు రిసెప్షన్, హాల్ అంటూ గుర్తుపట్టే పేర్లు పెట్టి రండి. ఏది ఎక్కడుందో మర్చిపోతే "లొకేట్" నొక్కండి, ఆ పెట్టె లైటు మిణుకుమిణుకుమంటుంది. ఇది దాటేసి ముందుకెళ్తే గెస్ట్ పేరు ల్యాబ్‌లో తేలుతుంది, ల్యాబ్ పేరు రిసెప్షన్‌లో తేలుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ఆరు పెట్టెలకు ఆరు పేర్లు పెట్టేస్తారు: స్టాఫ్-1, స్టాఫ్-2, అలా ఆరు దాకా. చూడటానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ ఫోన్‌కు అవి ఆరు వేర్వేరు నెట్‌వర్క్‌లు. పేరు, సెక్యూరిటీ ఒకటే అయితే ఎన్ని పాయింట్లున్నా ఫోన్ వాటిని ఒకే నెట్‌వర్క్‌గా చూస్తుంది, నడుస్తుంటే ఒకదాని నుంచి ఇంకోదానికి తనే మారుతుంది. పేరు మారిందంటే ఆ లెక్క తెగిపోతుంది. హాల్లో వీడియో కాల్ మొదలుపెట్టి మెట్లెక్కితే, కింది సిగ్నల్ పూర్తిగా చచ్చేదాకా ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఆ తర్వాత కొత్త పేరు వెతుక్కుని కలిసేలోపు కాల్ కట్ అయిపోతుంది. 802.11ఆర్ లాంటి వేగంగా మారే పద్ధతులు కూడా ఒకే పేరు లోపలే పనిచేస్తాయి.

అందుకే నా లెక్కలో పేరు పెట్టెది కాదు, నెట్‌వర్క్‌ది. ఎవరు వాడాలి, ఎక్కడ వాడాలి అనేది మారితేనే పేరు మార్చాలి. "ఏ పెట్టెకు కలిశానో తెలియాలి కదా" అంటారా, దానికి పేరు అక్కర్లేదు. ప్రతి పాయింట్‌లో ప్రతి రేడియో, ప్రతి పేరుకూ విడిగా ఒక బీఎస్ఎస్ఐడీ పంపుతుంది. అది మ్యాక్ అడ్రస్ లాంటి నంబరు. ఏ వైఫై అనలైజర్ యాప్‌లోనైనా కనపడుతుంది. చివర్లో పరీక్షకు మనకు అదే ఆధారం.

పేర్ల గురించి ఇంకొక్క మాట. ఎస్ఎస్ఐడీకి (వైఫై నెట్‌వర్క్ పేరును ఇలాగే అంటారు) హద్దు 32 అక్షరాలని చాలాచోట్ల రాస్తారు. నిజానికి అది 32 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటే కాబట్టి ఆ తేడా తెలియదు. తెలుగులో పేరు పెడితే మాత్రం వెంటనే తెలుస్తుంది. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) మన అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకు ఇంకో 3, సున్నకు 3, ఒత్తుకు ముందొచ్చే పొల్లుకూ 3. "ల్యాబ్" 18 బైట్లలో సరిపోతుంది. "మూడో అంతస్తు" చూడ్డానికి చిన్నదే, కానీ ఖాళీతో కలిపి 34 బైట్లు. కంట్రోలర్ తీసుకోదు. తెలుగు పేరు ముచ్చటగానే ఉంటుంది కానీ, పాత ప్రింటర్లలో అది చదవలేని గుర్తులుగా కనపడొచ్చు. ప్రింటర్లు కలిసే నెట్‌వర్క్‌కు నేనైతే పెట్టను.

ఇక అసలు పని. ప్రతి కంపెనీ కంట్రోలర్‌లో బటన్ల పేర్లు మారతాయి గానీ, లోపల ఉండే పద్ధతులు రెండే. మీది ఏ పద్ధతో తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటి పద్ధతిలో పేరే పాయింట్లను ఎంచుకుంటుంది. యూనిఫై కొత్త వెర్షన్లు ఈ దారిలో వెళ్తాయి. వైఫై సెట్టింగ్‌లో "గెస్ట్" సృష్టించేటప్పుడే ఏ ఏపీ గ్రూప్‌లో (ఏపీ అంటే యాక్సెస్ పాయింటే) ప్రసారం కావాలో అడుగుతుంది. మామూలుగా అన్ని పాయింట్లూ ఎంచుకుని ఉంటాయి. అది తీసేసి, రిసెప్షన్, హాల్ ఉన్న కొత్త గ్రూప్ చేసి దాన్ని ఎంచుకోండి. ఒకే పాయింట్ ఎన్ని గ్రూపుల్లోనైనా ఉండొచ్చు కాబట్టి "స్టాఫ్" జోలికి వెళ్లే పనే లేదు. ల్యాబ్‌కు ఒక్క పాయింట్ ఉన్న గ్రూప్ ఇంకోటి చేయండి. అంతే.

రెండో పద్ధతిలో పాయింటే పేర్ల జాబితాను ఎంచుకుంటుంది. ఒమాడాలో చాలా వెర్షన్లలో కనపడే డబ్ల్యూల్యాన్ గ్రూప్, సిస్కో 9800 కంట్రోలర్లలోని పాలసీ ట్యాగ్, అరూబా ఏపీ గ్రూప్ ఇవన్నీ ఈ కోవలోవే. పాయింట్‌కు ఒక్క జాబితానే దక్కుతుంది. కాబట్టి "గెస్ట్" అని ఒక జాబితా చేసి రిసెప్షన్‌కు తగిలిస్తే, అక్కడ స్టాఫ్ పేరు మాయమవుతుంది. మన ఆరింటికీ కావాల్సినవి మూడు జాబితాలు: స్టాఫ్ మాత్రమే, స్టాఫ్‌తో గెస్ట్, స్టాఫ్‌తో ల్యాబ్. మొదటిది పైనున్న మూడు పాయింట్లకు, రెండోది కింది రెండింటికి, మూడోది ల్యాబ్‌కు. ఇది స్క్రీన్ ముందు కూర్చుని ఆలోచించే విషయం కాదు. కాగితం మీద ఒక పక్క పాయింట్లు, పైన పేర్లు రాసి గళ్లలో టిక్కులు పెట్టండి. ఒకేలా టిక్కులున్న వరసలన్నీ ఒక జాబితా.

ఈ పద్ధతిలో నేను పడ్డ పాట్లు ఒకటి చెప్పాలి. ఒమాడా లాంటి చోట ఒక గ్రూప్‌లోని "స్టాఫ్", ఇంకో గ్రూప్‌లోని "స్టాఫ్" పేరుకు ఒకటే గానీ సెట్టింగులు విడివిడి. మొదటి దాంట్లోవి కాపీ చేస్తే ఆ క్షణానికి కాపీ అవుతాయి, తర్వాత ఎవరి దారి వారిదే. నేనొకసారి పాస్‌వర్డ్ మార్చాను, ఒక్క గ్రూప్‌లోనే. కింద అందరికీ కలుస్తోంది, పైకెళ్తే "పాస్‌వర్డ్ తప్పు" అంటోంది. పై పాయింట్లు పాడయ్యాయని రీస్టార్ట్ మీద రీస్టార్ట్ కొడుతూ రెండు గంటలు కూర్చున్నాను. అప్పటి నుంచి పాస్‌వర్డ్ మార్చేముందు ఆ టిక్కుల కాగితం ఎదురుగా పెట్టుకుంటున్నాను.

కంట్రోలరే లేదా? ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పెట్టెలైనా, మామూలు రౌటర్లయినా ఒక్కోదాని పేజీలోకి వెళ్లి కావాల్సిన పేరు అక్కడే కలపాలి. నాలుగైదు పెట్టెల దాకా ఇది బాగానే నడుస్తుంది. పేరును మాత్రం చేత్తో టైపు చేయకుండా కాపీ చేయండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా, చివర ఖాళీ ఒకటి దూరినా అది వేరే నెట్‌వర్క్ అయిపోతుంది.

గ్రూప్ మార్చి సేవ్ కొట్టగానే ఆ పాయింట్ రేడియో ఒక్కసారి ఆగి మళ్లీ లేస్తుంది. సిస్కోలో ట్యాగ్ మారిస్తే పాయింట్ కంట్రోలర్‌ను వదిలి మళ్లీ చేరుతుంది, కాస్త ఎక్కువసేపే పడుతుంది. మీటింగులు లేని టైమ్ చూసుకుని చేయండి.

ఇంత తంటా ఎందుకు, మూడు పేర్లూ ఆరింటిలోనూ వదిలేస్తే పోలేదా అని అడగొచ్చు. పనిచేస్తుంది, కానీ గాలిలో చోటు తింటుంది. ప్రతి పేరూ "నేనిక్కడున్నాను" అంటూ 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్ పంపుతుంది, అంటే సెకనుకు దాదాపు పది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మీరు మార్చకపోతే చాలాసార్లు ఆ బీకన్ 1 ఎంబీపీఎస్ వేగంతోనే వెళ్తుంది, 1997 నాటి మొదటి వైఫై ప్రమాణం 802.11 నుంచి వస్తున్న నత్తనడక అది. బీకన్ 250 బైట్లు అనుకుంటే ఒక్కోదానికి 2.2 మిల్లీసెకన్లు, సెకనులో పదింటికి 22 మిల్లీసెకన్లు. అంటే పేరు ఒక్కదానికే 2 శాతం. ఒకే ఛానల్ మీద ఒకదాని మాట ఒకదానికి వినపడే మూడు పాయింట్లలో మూడేసి పేర్లుంటే తొమ్మిది రెట్లు. ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చేయకముందే ఛానల్‌లో ఐదో వంతు హారతి కర్పూరం. కనీస వేగం 6 ఎంబీపీఎస్‌కు పెంచితే అదే భారం 3 శాతం చిల్లరకు దిగుతుంది. చాలా పాత పరికరాలు కలవకపోవచ్చు, చూసుకుని పెంచండి. పేరు దాచేస్తే బీకన్లు తగ్గుతాయనుకోవద్దు. అవి వెళ్తూనే ఉంటాయి, పేరు గడి మాత్రం ఖాళీగా.

ఇప్పుడు పరీక్ష. ఫోన్‌లో పాత నెట్‌వర్క్‌లను "ఫర్గెట్" చేసి, అనలైజర్ యాప్ తెరిచి ఆరు పాయింట్ల కిందా నిలబడండి. మెట్ల దగ్గర "గెస్ట్" కనపడితే కంగారు పడొద్దు. మెట్ల పాయింట్ దాన్ని పంపకపోయినా కింద హాల్లోంచి సిగ్నల్ పైకి పాకుతుంది. అంతస్తు దాటొద్దని రేడియో తరంగాలకు ఎవరు చెబుతారు? బీఎస్ఎస్ఐడీ చూడండి. అది హాల్ పాయింట్‌దైతే మీ సెట్టింగ్ సరిగ్గానే ఉంది, కావాలంటే ఆ రేడియో పవర్ కాస్త తగ్గించండి. మెట్ల పాయింట్‌దే అయితే గ్రూప్ తప్పింది. పెట్టె మీద స్టిక్కర్‌లోని మ్యాక్‌తో నంబరు అచ్చంగా కలవకపోవచ్చు. పేరు పేరుకీ మొదటి రెండక్షరాల జంటో చివరి జంటో కొంచెం మారుతుంది, మధ్య జంటలు కలిస్తే చాలు.

ఒకచోట మాత్రం తప్పు వైఫైలో వెతకొద్దు. "ల్యాబ్" కనపడుతుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, కానీ ఇంటర్నెట్ రాదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతుంటే దానికి అడ్రస్ ఇచ్చేవాళ్లు దొరకలేదని అర్థం. ల్యాబ్‌కు విడిగా వీల్యాన్ (అదే తీగల మీద నడిచే వేరే నెట్‌వర్క్) ఇచ్చి, ఆ పాయింట్‌కు తీగ వచ్చే స్విచ్ పోర్ట్‌లో ఆ వీల్యాన్ ట్యాగ్ కలపడం మర్చిపోతే జరిగేది సరిగ్గా ఇదే.

వచ్చే పాఠంలోగా టిక్కుల పట్టిక పక్కనే ఇంకో వరస గీసి, ప్రతి పాయింట్‌కూ ఏ స్విచ్‌లో ఎన్నో పోర్ట్ నుంచి తీగ వస్తోందో రాసుకుని రండి. ల్యాబ్ పోర్ట్‌తో మొదలుపెడదాం.