తకిలీతో నూలు వడుకుదాం – 3వ పాఠం: పురి

పోయిన పాఠంలో దూది ఏకి, చూపుడువేలంత లావు ఏకులు చుట్టుకున్నాం. అందులో ఒకటి తీసి రెండు కొసలూ పట్టి లాగండి. ఊరికే విడిపోతుంది. ఇంకో ఏకు కొసన నాలుగు పోగులు లాగి, వేళ్ల మధ్య పదిసార్లు మెలిపెట్టి ఇప్పుడు లాగండి. తెగదు. "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అంటాం కదా, ఏకు ఎంత మెత్తనో చేత్తో పట్టి చూసినవాళ్లే అనగలిగిన మాట అది. జిగురు లేదు, ముడి లేదు. పోగులు ఒకదాన్నొకటి ఒత్తిపట్టుకున్నాయి, అంతే. ఆ మెలికే పురి.

ఇక తకిలీ తీసుకోండి. కింద గుండ్రటి బిళ్ల, పైకొసన కొక్కెం ఉన్న సన్నటి కడ్డీయే తకిలీ. బిళ్లకు పైన కడ్డీకి ఒక పాత దారం కట్టి, దాన్ని కొక్కెంలోంచి పైకి తీయండి. కింది మొనను కొబ్బరి చిప్పలో ఆనించండి. దారం కొసనూ ఏకు కొసనూ రెండంగుళాల మేర కలిపి ఎడమచేతి వేళ్లతో పట్టుకోండి. కుడిచేత్తో తకిలీని తిప్పండి. పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరగాలి. పురి ఎక్కడం వేళ్లకే తెలుస్తుంది. అప్పుడు ఎడమచేతిని పైకి లేపుతూ ఏకును కొంచెం కొంచెంగా వదలండి. మూరెడు నూలు వచ్చాక ఇంకోసారి తిప్పి, కొక్కెం నుంచి విడిపించి కడ్డీకి చుట్టుకోండి.

తెగుతుంది. టెన్షన్ పడకండి, మొదటి వారం అందరికీ తెగుతుంది. ఎక్కడ తెగిందో మాత్రం చూడండి. పురి ఎప్పుడూ సన్నటి చోటికే పరుగెత్తుతుంది, లావు చోట నిలవదు. అందుకే ఉండ కట్టిన చోటు పక్కనే నూలు జారిపోతుంది. ఉండకు అటూ ఇటూ వేళ్లతో పట్టుకుని, పురి కాస్త విప్పి, మెల్లగా సాగదీస్తే సర్దుకుంటుంది. పురి సరిపోయిందా అన్నది తెలియాలంటే నూలును వదులు చేయండి. తనంతట తాను రెండు మూడు చుట్లు పెనవేసుకుంటే చాలు. అసలు పెనవేసుకోకపోతే తక్కువ, అంతటా ముడతలు పడితే ఎక్కువ.

ఇంత నెమ్మదైన పని కాబట్టే మగ్గం ఎప్పుడూ నూలు కోసం ఎదురుచూసేది. మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది నాడె. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఎగిరే నాడెతో నేత వేగం పెంచాడు. దాంతో నూలు ఇంకా చాలలేదు. 1760లలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఎనిమిది కదుళ్ల యంత్రం చేయడానికి వెనుక ఉన్నది ఈ నూలు కరువే.

గడియారం వైపే ఎందుకు తిప్పమన్నానో చెప్తాను. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. నూలును నిలువుగా పట్టుకుని చూస్తే మెలికలు ఏటవాలుగా కనిపిస్తాయి. ఇంగ్లిషు జడ్ అక్షరం నడిమి గీతలా వాలితే జడ్ పురి, ఎస్ అక్షరం నడుములా వాలితే ఎస్ పురి. మీరిప్పుడు వడికింది జడ్ పురి. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే అనే పాత రేవు ఉంది. రోమన్ల కాలంలో మన దేశంతో వ్యాపారం అక్కడినుంచి సాగేది. అక్కడి తవ్వకాల్లో నూలు గుడ్డపేలికలు దొరికాయి. నైలు లోయలో నూలును ఎస్ పురితో వడికేవారు, మన దగ్గర జడ్ పురితో. ఆ తేడా పట్టుకునే ఏ పేలిక మన దేశం నుంచి వచ్చిందో పరిశోధకులు గుర్తించారు. వాటిలో ఓడ తెరచాప ముక్కలు కూడా ఉన్నాయి. రాతలేవీ లేకపోయినా, వడికిన చేతి తిప్పుడు దాదాపు రెండు వేల ఏళ్లు ఆ నూలులో నిలిచింది.

సన్నదనం సంగతి కొంచెం. చిలప అంటే చుట్టలుగా చుట్టి తీసిన నూలు కట్ట. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్నో నంబరు నూలు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, నూరో నంబరు నూలు కూడా వడుకుతారు. అంటే అర కిలో కన్నా తక్కువ దూదిలో సుమారు 77 కిలోమీటర్ల దారం. మీకు పదో నంబరు వచ్చినా ఈ నెలకు చాలు.

వచ్చే పాఠం లోపు రోజూ అరగంట వడకండి. చిరిగిన పాత తువ్వాలు నుంచి ఒక పోగు, ఇంట్లో ఉన్న పురికొస నుంచి ఒక పోగు లాగి, ఏది ఏ పురో కాగితం మీద గీసి పెట్టుకోండి. 4వ పాఠంలో మీ నూలును చిలపగా చుట్టి గంజి పెడదాం.