బేస్‌బాల్ బ్యాటింగ్ సగటు లెక్కించే విధానం

క్రికెట్ స్కోరుకార్డులు చదివి అలవాటైన వారిని బేస్‌బాల్ బ్యాటింగ్ సగటు మొదట కొంత తికమక పెడుతుంది. క్రికెట్‌లో సగటు అంటే చేసిన పరుగులను ఔటైన సార్లతో భాగించగా వచ్చే సంఖ్య. డాన్ బ్రాడ్‌మన్ టెస్టుల్లో 6,996 పరుగులు చేసి 70 సార్లు ఔటయ్యాడు కనుక ఆయన సగటు 99.94. బేస్‌బాల్ సగటులో పరుగుల ప్రసక్తే లేదు. బ్యాటరు సాధించిన హిట్ల (బంతిని కొట్టి, పరుగు దారిలో మజిలీ అయిన బేస్‌ను సురక్షితంగా చేరిన సందర్భాల) సంఖ్యను అతని ఎట్-బ్యాట్ల (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతుల) సంఖ్యతో భాగిస్తే వచ్చేదే బ్యాటింగ్ సగటు. హిట్లు ఎట్-బ్యాట్లను ఎన్నడూ మించవు కాబట్టి ఫలితం సున్నా కంటే తగ్గదు, ఒకటి దాటదు. భాగహారం సెల్‌ఫోను కూడా చేసిపెడుతుంది. దేన్ని హిట్ అనాలి, దేన్ని ఎట్-బ్యాట్ అనాలి అన్నది తేల్చుకోవడమే అసలు పని.

ముందుగా హారం సంగతి చూడాలి, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. బ్యాటరు పిచ్చరును (బంతి విసిరే ఆటగాడిని) ఎదుర్కొని తన వంతు ముగించిన ప్రతిసారీ దాన్ని ఒక ప్లేట్ అప్పియరెన్స్‌గా లెక్కిస్తారు. అయితే ప్రతి ప్లేట్ అప్పియరెన్సూ ఎట్-బ్యాట్ కాదు. నాలుగు బాల్స్ (కొట్టదగిన పరిధికి బయట పడి, బ్యాటరు వదిలేసిన బంతులు) పడి వాక్ (మొదటి బేస్‌కు ఉచితంగా వెళ్లే అవకాశం) దొరికినా, పిచ్చరు విసిరిన బంతి ఒంటికి తగిలి మొదటి బేస్ దక్కినా, బ్యాటరు వెనుక ఉండే క్యాచర్ అడ్డుపడినందుకు అంపైరు బేస్ ఇచ్చినా, రన్నరును (అప్పటికే బేస్ మీదున్న సహ ఆటగాడిని) ముందుకు జరపడానికి శాక్రిఫైస్ బంట్ (బంతిని మెల్లగా తాకించి వదిలే దెబ్బ) ఆడి తాను ఔటైనా, గాల్లోకి లేచిన బంతిని ఫీల్డర్ పట్టుకున్న తర్వాత రన్నరు హోమ్ ప్లేటు (చేరితే పరుగు వచ్చే చోటు) చేరి శాక్రిఫైస్ ఫ్లై నమోదైనా, ఆ వంతును ఎట్-బ్యాట్ల లెక్కలో చేర్చరాదు. శాక్రిఫైస్ రెండు రకాలకూ ఒక షరతు ఉంది: అప్పటికి ఆ ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటై ఉండకూడదు. వీటిని తీసివేయగా మిగిలిన వంతులన్నీ, స్ట్రైకౌట్‌తో (మూడు స్ట్రైకులు పడి ఔటవడంతో) సహా, ఎట్-బ్యాట్లే.

ఇక లవం. వరుసగా ఒకటి, రెండు, మూడు బేస్‌లు, పూర్తి చుట్టు తెచ్చే సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ నాలుగూ హిట్లే, నాలుగింటికీ విలువ ఒకటే. స్టేడియం అవతల పడిన హోమ్ రన్‌కూ, ఇన్‌ఫీల్డర్ల మధ్య నుంచి జారిపోయిన సింగిల్‌కూ ఈ లెక్కలో తేడా లేదు. మొదటి బేస్ చేరినంత మాత్రాన హిట్ అయిపోదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఫీల్డర్ చేతిలో పడవలసిన బంతి జారిపోవడం వల్ల బ్యాటరు బేస్ చేరితే దాన్ని ఎర్రర్ అంటారు. బ్యాటరును ఔట్ చేయగలిగి ఉండి కూడా ఫీల్డర్ మరో రన్నరును ఔట్ చేయడానికి బంతి విసిరితే అది ఫీల్డర్స్ చాయిస్. ఈ రెండు సందర్భాల్లోనూ ఎట్-బ్యాట్ ఒకటి పెరుగుతుంది, హిట్ మాత్రం పెరగదు. సాధారణ ప్రయత్నంతో ఫీల్డర్ ఆ బంతిని అందుకోగలిగేవాడా లేదా అన్నది మ్యాచ్‌కు నియమించిన అధికారిక స్కోరరు తేల్చాలి. మూడు దశాంశాల వరకు కచ్చితంగా కనిపించే ఈ అంకె అడుగున ఒక మనిషి అంచనా ఉందన్నది చాలామంది గమనించని విషయం.

ఒక ఊహా ఉదాహరణతో లెక్క వేసి చూద్దాం. ఒక బ్యాటరు మ్యాచ్‌లో ఐదుసార్లు ప్లేటు దగ్గరికి వచ్చాడనుకుందాం. మొదటిసారి సింగిల్ కొట్టాడు, రెండోసారి వాక్ దొరికింది, మూడోసారి నేలబారు బంతి కొట్టి ఔటయ్యాడు, నాలుగోసారి శాక్రిఫైస్ ఫ్లై, ఐదోసారి షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్ చేసిన ఎర్రర్ వల్ల బేస్ చేరాడు. వాక్‌ను, శాక్రిఫైస్ ఫ్లైను తీసివేస్తే ఎట్-బ్యాట్లు మూడు, హిట్ ఒకటి. ఒకటిని మూడుతో భాగిస్తే 0.3333, దీన్ని మూడు దశాంశ స్థానాలకు సవరించి, ముందున్న సున్నాను వదిలేసి .333 అని రాస్తారు. నాలుగో దశాంశ అంకె ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటే మూడో అంకెకు ఒకటి కలపాలి. ఎట్-బ్యాట్ ఒక్కటీ లేని ఆటగాడికి సున్నాతో భాగించలేము గనుక అతనికి సగటే ఉండదు.

సీజన్ సగటు కావాలంటే అన్ని మ్యాచ్‌ల హిట్లను విడిగా, ఎట్-బ్యాట్లను విడిగా కూడి, చివరన ఒక్కసారే భాగించాలి. సగటులను కూడి మళ్లీ సగటు తీయడం తప్పు. ఇందుకు అమెరికా మేజర్ లీగ్ ఆటగాళ్లు డెరెక్ జీటర్, డేవిడ్ జస్టిస్‌ల అంకెలకు మించిన ఉదాహరణ దొరకదు. 1995లో జీటర్ 48 ఎట్-బ్యాట్లలో 12 హిట్లతో .250, జస్టిస్ 411లో 104తో .253. 1996లో జీటర్ 582లో 183తో .314, జస్టిస్ 140లో 45తో .321. రెండేళ్లలోనూ జస్టిస్‌దే పైచేయి; రెండు సగటుల సగటు తీసినా అతనిదే పైచేయి. కానీ హిట్లనూ ఎట్-బ్యాట్లనూ కూడి చూస్తే జీటర్ 630లో 195తో .310, జస్టిస్ 551లో 149తో .270. జీటర్ బాగా ఆడిన ఏడాదే అతనికి ఎట్-బ్యాట్లు ఎక్కువగా ఉండటం, జస్టిస్ విషయంలో అది తారుమారు కావడం ఇందుకు కారణం.

సవరింపు ఎంత దూరం వెళ్తుందో బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు టెడ్ విలియమ్స్ 1941 సీజన్ చెబుతుంది. చివరి రోజైన సెప్టెంబరు 28 ఉదయానికి ఆయనకు 448 ఎట్-బ్యాట్లలో 179 హిట్లు ఉన్నాయి, భాగిస్తే .39955, సవరిస్తే .400. ఆ రోజు ఆడకుండా కూర్చున్నా రికార్డుల్లో .400 అనే నమోదయ్యేది. ఆయన ఫిలడెల్ఫియాలో ఆనాటి రెండు మ్యాచ్‌లూ ఆడి, ఎనిమిది ఎట్-బ్యాట్లలో ఆరు హిట్లు కొట్టి, 456లో 185తో .406 వద్ద ముగించాడు. అప్పటి నియమాల ప్రకారం శాక్రిఫైస్ ఫ్లైలను కూడా ఎట్-బ్యాట్లుగానే లెక్కించేవారు. వాటికి నేటి మినహాయింపు 1954 నుంచి అమల్లో ఉంది.

మేజర్ లీగ్‌లో సగటు పట్టికలో మొదటి స్థానానికి పోటీ పడాలంటే జట్టు ఆడే ఒక్కో మ్యాచ్‌కు 3.1 చొప్పున, అంటే 162 మ్యాచ్‌ల సీజన్‌కు 502 ప్లేట్ అప్పియరెన్స్‌లు ఉండాలి. 1996లో టోనీ గ్విన్‌కు 498 మాత్రమే ఉన్నాయి. నియమం ప్రకారం తక్కువైన నాలుగింటినీ హిట్ లేని ఎట్-బ్యాట్లుగా కలిపి చూశారు: 451లో 159 కాస్తా 455లో 159 అయి, .353 నుంచి .349కి తగ్గింది. అయినా ఎలిస్ బర్క్స్ సాధించిన .344 కంటే అది ఎక్కువే కావడంతో మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్ టైటిల్ గ్విన్‌కే దక్కింది.

వాక్‌లను బ్యాటరు నేర్పుగా భావించేవారికి ఈ సగటు చాలదు, వారు ఆన్-బేస్ శాతాన్ని చూస్తారు. హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలిన బంతులు కూడి, ఎట్-బ్యాట్లు, వాక్‌లు, ఒంటికి తగిలిన బంతులు, శాక్రిఫైస్ ఫ్లైల మొత్తంతో భాగిస్తే అది వస్తుంది. 1941లో విలియమ్స్‌కు 147 వాక్‌లు దొరికాయి, మూడుసార్లు బంతి ఒంటికి తగిలింది. శాక్రిఫైస్ ఫ్లైలను అప్పట్లో విడిగా రాయలేదు కనుక లెక్క 606లో 335, అంటే .553.